జోయిలస్ ఎవరని అడిగావు కదా

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. ద్వారకానగర్ లైబ్రరీలో నువ్వు కథ చదివాక ఒకాయన "ఇది కథే కాదు" అని తేల్చేశారనీ, మాస్టారు "ఆ జోయిలస్ మాటలు పట్టించుకోకు" అని ఓదార్చారనీ రాశావు. ఆ జోయిలస్ ఎవరని అడిగావు.

క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు గ్రీకు పండితుడు, ఆంఫిపోలిస్ వాడు. హోమర్ కావ్యాల్లో తప్పులు పట్టడమే పనిగా పెట్టుకున్నాడు. 'హోమర్ పాలిటి కొరడా' అని పేరు పడింది. అతని రాతల్లో తునకలే మిగిలాయి. పేరు మాత్రం ఇంగ్లీషులోకి వచ్చి, అసూయతో చీల్చి చెండాడే విమర్శకుడికి మారుపేరై కూర్చుంది.

కటువైన విమర్శకుణ్ణే ఇంగ్లీషువాళ్లు అరిస్టార్క్ అని కూడా అంటారు. నీకు నేను చెప్పాలనుకున్నది ఈయన గురించే. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయానికి పెద్ద, అరిస్టార్కస్. ఈయన కూడా హోమర్‌నే జల్లెడ పట్టాడు. ఇది హోమర్ రాసింది కాదేమో అనిపించిన పాదం పక్కన మార్జిన్‌లో చిన్న అడ్డగీత గీసేవాడు. పాదాన్ని మాత్రం కొట్టేసేవాడు కాదు. గీత, పాదం రెండూ చదివేవాడి కళ్ల ముందే ఉండేవి. ఎంత పెద్ద మర్యాద అది!

మాట కటువుగా ఉందా లేదా అని చూడకు, తమ్ముడూ. 1970లో మన విశాఖలోనే, శ్రీశ్రీ షష్టిపూర్తి సందర్భంలో, మీరు ఎటువైపని విద్యార్థులు కరపత్రం వేసి రచయితలను నిలదీశారు. అంతకన్నా కటువైన ప్రశ్న ఏముంటుంది? ఆ జూలైలోనే విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోక తప్పదు. "ఇది కథే కాదు" అన్నదానికి నువ్వేం జవాబు చెప్తావు? ఏ వాక్యం దిద్దుకుంటావు? దాన్ని వదిలెయ్. అలాగని ఆయన మీద కోపంతో ఇంకో కథ రాయకు. మన ప్రబంధకవులు అవతారికల్లో, అంటే కావ్యం ముందుమాటల్లో, కుకవినింద పేరుతో చెడ్డ కవులను తిట్టేవారు. అది నాకెప్పుడూ నచ్చలేదు.

నీ ఉత్తరం చివర్లో, టెన్షన్‌లో కాబోలు, ఒక్క ముక్కలో దాటేసిన సంగతి ఇంకొకటి ఉంది. వెనక వరసలో ఒకావిడ లేచి, ఫిషింగ్ హార్బర్‌లో చేపల వేలం తెల్లవారుజామున జరుగుతుందనీ, నువ్వు మిట్టమధ్యాహ్నం జరిపించావనీ అన్నారట. నీ కథలో అడ్డగీత గీసింది ఆవిడ. ఆవిడ చిరునామా సంపాదించు. ఒక తెల్లవారుజామున హార్బర్‌కి వెళ్లి వేలం మొదలయ్యే దగ్గర్నించి చివరిదాకా నిలబడి చూడు. తర్వాత ఆ సీను మళ్లీ రాసి, ముందు ఆవిడకి చూపించు. ఆ తర్వాతే నాకు పంపు.

మీ అన్నయ్య
విశాఖపట్నం