బూస్ట్ నొక్కితే బేరాలొస్తాయా?

ప్రశ్న: ఇంట్లో పచ్చళ్ళు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్ముతున్నాను. ఆవకాయ రీలుకు 3,000 రూపాయలు పెట్టి బూస్ట్ (డబ్బు కట్టి ఎక్కువమందికి చూపించడం) చేస్తే 40 వేల వ్యూస్ వచ్చాయి, ఆర్డర్లు ఆరే. ఇంకో పది వేలు పెడితే పుంజుకుంటుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇప్పుడున్న పద్ధతిలోనే పెడితే పుంజుకునేది నష్టమే. ముందు కాగితం మీద లెక్క వేయండి. కిలో ఆవకాయ 700కు అమ్ముతున్నారనుకుందాం. కాయ, నూనె, కారం, ఆవపిండి, పౌచ్ కలిపి 380. అట్టపెట్టె, బబుల్ షీట్, టేపు 30. కొరియర్ 110. మిగిలేది 180. ప్రకటన బిల్లుకు 18 శాతం జీఎస్టీ కలిపితే 3,540 అయింది. ఆరుతో భాగిస్తే ఆర్డరుకు 590. ఆర్డరుకు కిలో అనుకుంటే ప్రతి కిలోకూ 410 చేతి నుంచి పడింది. ఇందులో మీ కష్టానికి పైసా కూడా వేసుకోలేదు.

వ్యూస్ అంటే మనుషులు కాదు. రీలు ఎన్నిసార్లు ఆడిందన్న లెక్క అది. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే మూడు. మనుషుల లెక్క కావాలంటే 'రీచ్' చూడండి. ఇక బూస్ట్ చేసేటప్పుడు 'ప్రొఫైల్ చూడటం', 'వెబ్‌సైట్‌కు వెళ్ళడం', 'మెసేజ్‌లు' అని లక్ష్యం అడుగుతుంది. చాలామంది మొదటిదే ఉంచేస్తారు. ప్రొఫైల్ నొక్కే అలవాటున్నవాళ్ళను వెతికి తెమ్మని మీరే చెప్పారు, ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళనే తెచ్చింది. కొనేవాళ్ళు కావాలంటే యాడ్స్ మేనేజర్‌లో (ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు వివరంగా పెట్టుకునే చోటు) వాట్సాప్ మెసేజ్ వచ్చే ప్రకటన పెట్టండి. రోజుకు 300 చొప్పున వారం నడపండి. మధ్యలో పూటకోసారి మార్చకండి. మార్చినప్పుడల్లా ప్రకటన ఎవరికి చూపించాలో ఆ వ్యవస్థ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుంది.

ఊళ్ళు కూడా చూసుకోవాలి. గుంటూరు, తెనాలి చుట్టుపక్కల ఎవరింట్లో ఆవకాయ జాడీ లేదు? బెంగళూరు, చెన్నై, పుణె లాంటి చోట్ల ఉన్న తెలుగువాళ్ళు మీ బేరం. రీలు మొదటి మూడు సెకన్లలో తెలుగు మాట వినబడితే చాలు, మనవాళ్ళు ఆగుతారు, మిగతావాళ్ళు దాటిపోతారు. దాటిపోవడమే మనకు కావాలి.

కొరియర్ దగ్గర కూడా డబ్బు కారుతుంది. సాధారణంగా 500 గ్రాముల మెట్లలో రేటు వేస్తారు. కిలో పచ్చడి పెట్టెతో కలిసి కిలో దాటుతుంది, కిలోన్నర రేటు పడుతుంది. పెట్టె కొలతనూ బరువుగానే లెక్కిస్తారు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలాచోట్ల 5,000తో భాగిస్తారు. 25×20×15 పెట్టె లోపల ఎంత తేలికగా ఉన్నా కిలోన్నరే. అందుకని 250 గ్రాముల ఆవకాయ, గోంగూర, పండుమిర్చి మూడూ కలిపి ఒక పొట్టి పెట్టెలో పెట్టి అమ్మి చూడండి. కిలో లోపే ఉంటుంది. నచ్చిన రకం రెండోసారి అడుగుతారు, ఆ రెండో ఆర్డరుకు ప్రకటన ఖర్చు ఉండదు. ఆ ఆరుగురిలో మూడు నెలల్లోపు ఎందరు తిరిగి వచ్చారో చూశాకే పది వేల సంగతి ఆలోచించండి.

ప్రశ్న: పోస్టులో ధర రాయకపోతేనే జనం మెసేజ్ చేస్తారంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: చేస్తారు. ధర విని మాయమవుతారు. పైగా ప్రకటన నడుస్తుంటే, ధర అడిగి వెళ్ళిపోయే బాపతు జనాన్నే అది మరింతగా వెతికి తెస్తుంది. ధర, బరువు, కొరియర్ ఖర్చు మూడూ ఫొటో మీదే వేయండి.

ప్రశ్న: సకినాలు, గరిజెలు అమ్ముతున్నాను. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో 250 మందిని వేశాను. సగం మందికి పోతలేదు. నంబర్ల లిస్టు కొంటే లాభమా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: బ్రాడ్‌కాస్ట్, అంటే ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే లిస్టు, మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. మెసేజ్ మీద నొక్కి పట్టుకుని 'ఇన్ఫో' చూస్తే ఎవరికి చేరిందో తెలుస్తుంది. లిస్టుకు హద్దు 256. రెండో లిస్టు పెట్టుకోవచ్చు, కానీ సేవ్ చేసుకోనివాళ్ళకు అదీ చేరదు.

సేవ్ చేయమని అడగడానికి మంచి సమయం పార్సిల్ బయల్దేరినప్పుడు. ట్రాకింగ్ నంబరు పంపి, దాని కిందే 'ఈ నంబరు సేవ్ చేసుకోండి, సంక్రాంతి ఆర్డర్లు ముందు మీకే చెబుతాం' అని రాయండి. పార్సిల్ ఎక్కడుందా అని చూసుకునే మనిషి ఆ ఒక్క పని చేస్తాడు. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో కొన్నవాళ్ళకు లేబుల్ పెట్టుకోండి: పండక్కే కొనేవాళ్ళు, నెలనెలా కొనేవాళ్ళు, అమెరికా వెళ్ళే పిల్లలకు సర్దేవాళ్ళు. ఈ చివరివాళ్ళకు ఆగస్టులో చదువులు మొదలవుతాయి కాబట్టి జులై మొదట్లోనే మెసేజ్ వెళ్ళాలి. జనవరిలో పంపితే దండగ.

లిస్టు మాత్రం కొనకండి. తెలియని నంబరు నుంచి వస్తే బ్లాక్ చేసి రిపోర్ట్ కొడతారు. అవి పెరిగితే వాట్సాప్ మీ నంబరునే ఆపేస్తుంది, పాత కస్టమర్లతో ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

ప్రశ్న: చీరల వెబ్‌సైట్‌ను గూగుల్ మొదటి పేజీలో తెస్తామని ఒక సంస్థ గ్యారంటీ ఇస్తోంది. నెలకు 15,000. ఇవ్వొచ్చా?
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే చెబుతోంది. 'ఏ మాట వెతికితే మొదటి పేజీ?' అని అడగండి. మీ షాపు పేరు కొడితే వస్తుందని చూపిస్తారు. ఆ పేరుతో పోటీ ఎవరున్నారు కనుక! 'కీవర్డ్స్ ట్యాగ్ (పేజీ కోడ్‌లో కనబడకుండా రాసే మాటల జాబితా) నింపుతాం' అంటే ఇంకా అనుమానించాలి. ర్యాంకు ఇవ్వడానికి ఆ ట్యాగ్‌ను పట్టించుకోవడం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. షాపు లేకుండా ఆన్‌లైన్‌లోనే అమ్మేవారికి గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్‌లో, మ్యాప్స్‌లో కనిపించే దుకాణం వివరాలు) అర్హత కూడా లేదు. కస్టమరు వచ్చి చూసే మగ్గం గది, దుకాణం ఉంటే మాత్రం ఉచితంగా పెట్టుకోండి.

గూగుల్ వాళ్ళ ఉచిత సెర్చ్ కన్సోల్ తెరిస్తే జనం ఏ మాటలు కొట్టి మీ సైటు చూశారో ఉంటుంది. ఆ మాటలనే చీర పేజీ శీర్షికలో పెట్టండి. 'అందమైన చీర–17' అని ఎవరూ వెతకరు. 'మంగళగిరి కాటన్ చీర, నిజాం బార్డర్, బ్లౌజుతో' అని వెతుకుతారు. పొడవు, బ్లౌజు ముక్క కొలత, ఉతికే తీరు రాయండి. పగటి వెలుతురులో ఒక ఫొటో, అంచు దగ్గరగా ఒకటి తప్పనిసరి. రంగు తేడాతో వెనక్కి వచ్చే చీరకు రానూపోనూ కొరియర్ మీదే.

ప్రశ్న: మొదట్లో బంధువుల చేత కొనకుండానే ఐదు నక్షత్రాల రివ్యూలు రాయిస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తప్పే. అమ్మేవారు తామే వినియోగదారులమని చెప్పుకుని రివ్యూలు రాయకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మీ చేత్తో కాక బంధువుల చేత రాయిస్తే మాత్రం ఏం మారింది? డెలివరీ అయిన నాలుగో రోజున కొన్నవాళ్ళకే లింకు పంపి 'ఎలా ఉంది, ఏం బాగోలేదు' అని రెండూ అడగండి. మూడు నక్షత్రాలు వచ్చినా ఉంచండి, కింద మర్యాదగా జవాబు రాయండి.