ఆ తీర్పు కావలి వరకే, కువైట్‌కు రాదు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. మాది కావలి. పాలిటెక్నిక్ చదివి ఏసీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. నేను గే. ఒంగోలులో ఉండే స్నేహితుడితో నాలుగేళ్ల బంధం. ఇంట్లో మా అక్కకు తప్ప ఎవరికీ తెలియదు. కువైట్‌లో షూన్ వీసా (ప్రైవేటు ఉద్యోగుల వీసా) మీద రెండేళ్ల కాంట్రాక్టు వచ్చింది. పోయిన దసరా ముందు అమ్మ నగలు బ్యాంకులో కుదువ పెట్టి ఏజెంటుకు రశీదు లేకుండా లక్షా 20 వేలు నగదు ఇచ్చాను. పాస్‌పోర్టు కూడా అతని దగ్గరే ఉంది. భయమేసి డబ్బు వెనక్కి అడిగితే, ‘నీ సంగతి నాకు తెలుసు, ఊరంతా చెప్తా’ అంటున్నాడు. గే సంబంధాన్ని నేరమనే చట్టాన్ని కువైట్ కోర్టు 2022లోనే కొట్టేసిందని ఒక మిత్రుడు చెప్పాడు. రెండేళ్లు నోరు మూసుకుని ఉంటే సరిపోదా? సుప్రీంకోర్టు తీర్పు ఉంది కదా, ఎంబసీ కాపాడదా? నాన్న సంబంధాలు చూస్తున్నారు. పెళ్లి చేసుకుని వెళ్తే అనుమానం రాదేమో? వెళ్లాలా వద్దా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దన్న పాఠకుడు, కావలి

జవాబు: మీ ఉత్తరంలో మీ స్నేహితుడి గురించి, అమ్మ నగల గురించి రాశారు. ఏజెంటు పేరు మీద లైసెన్సు ఉందో లేదో ఒక్క ముక్క లేదు. బాధ అర్థమైంది, కానీ కేసును తేల్చేది బాధ కాదు. మీరు ఏ దేశపు నేల మీద ఉన్నారన్నదే తేలుస్తుంది.

2018 సెప్టెంబర్ 6న నవ్‌తేజ్ సింగ్ జోహార్ కేసులో సుప్రీంకోర్టు, ఇష్టపడిన ఇద్దరు వయోజనుల మధ్య సంబంధం నేరం కాదని చెప్పింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఈ సంబంధాన్ని నేరమన్న పాత ఐపీసీ 377 లాంటి సెక్షనే లేదు. అంటే కావలిలో, ఒంగోలులో మీరు ఏ నేరమూ చేయడం లేదు. విమానం ఎక్కిన తర్వాత ఈ రక్షణ మీ వెంట రాదు. విదేశంలో భారతీయుడు నేరం చేస్తే మన చట్టం అతన్ని వెతుక్కుంటూ వెళ్తుంది గానీ, అక్కడి చట్టం పట్టుకుంటే విడిపించడానికి వెళ్లదు.

కువైట్ శిక్షాస్మృతి 193వ అధికరణ ప్రకారం, 21 ఏళ్లు నిండిన ఇద్దరు మగవాళ్లు ఇష్టపూర్వకంగా కలిసినా ఏడేళ్ల దాకా జైలు. 2022లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది 198వ అధికరణలోని వేరే భాగం, ఆడవాళ్లు మగవాళ్లలా, మగవాళ్లు ఆడవాళ్లలా ‘అనుకరించడం’ నేరమనే ముక్క. 193 అలాగే ఉంది. మీ మిత్రుడు హెడ్డింగు చదివి ఆగిపోయాడు. ఆ హెడ్డింగు నమ్ముకుని మీరు రెండేళ్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టబోతున్నారు!

ఇక నోరు మూసుకోవడం. మీ నోరు సంగతి సరే, మీ ఫోను మూసుకుంటుందా? నాలుగేళ్ల చాటింగులు, ఫొటోలు, డేటింగ్ యాప్, క్లౌడ్‌లో బ్యాకప్, అన్నీ మీ జేబులోనే ఉంటాయి. ఇలాంటి కేసుల్లో ప్రత్యక్ష సాక్షి ఉండడు, ఫోనే సాక్షి. కోర్టు దాకా వెళ్లకుండానే అకామా (నివాస అనుమతి) రద్దు చేసి పంపించేసే అధికారం కూడా అక్కడి ప్రభుత్వానికి ఉంది. ప్రమాదం పసిగట్టి రాత్రికి రాత్రి విమానం ఎక్కేద్దామనుకుంటే అదీ కుదరదు. 2025 జూలై 1 నుంచి ప్రైవేటు ఉద్యోగులు, అంటే మీలా 18వ నంబరు షూన్ వీసా మీద ఉన్నవాళ్లు, దేశం దాటాలంటే యజమాని ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ ఉండాలి.

ఎంబసీని 1963 వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణ కింద పిలవవచ్చు. వాళ్లు జైలుకొచ్చి కలుస్తారు, వకీలును చూసుకోవడానికి సాయపడతారు. ‘మా దేశంలో ఇది నేరం కాదు, వదిలేయండి’ అనే హక్కు వాళ్లకు లేదు.

పెళ్లి మాట విని నాకు నిజంగానే కోపం వచ్చింది. మీ భయానికి ఇంకొకరి ఇంటి ఆడపిల్లను అడ్డం పెట్టుకుంటారా? నైతికత పక్కన పెట్టి చట్టమే చూడండి. ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని హిందూ వివాహ చట్టం సెక్షన్ 12(1)(సి) కింద ఆ అమ్మాయి పెళ్లి రద్దు కోరవచ్చు. మోసం బయటపడిన నాటి నుంచి ఏడాది లోపు వేయాలి. అంటే మీరు కువైట్‌లో ఉన్నప్పుడు బయటపడినా గడువు అప్పుడే మొదలవుతుంది. కట్నం తీసుకుంటే 1961 వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 3 వేరే ఉంది, దాంట్లో శిక్ష అయిదేళ్లకు తక్కువ కాదు. పైగా కువైట్ పోలీసులు మీ ఫోను తెరిచినప్పుడు పెళ్లి ఫొటో చూసి వదిలేయరు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

ఇప్పుడు ఏజెంటు దగ్గరికొద్దాం. మీ అసలు కేసు ఇదే, పైగా ఇది గెలవగలిగిన కేసు. ఆ 2018 తీర్పు మీకు పనికొచ్చేది కూడా ఇక్కడే. మీరు చేసింది నేరం కాదు కాబట్టి అతని చేతిలో ఉన్నది ఉత్త బెదిరింపు. మీకు హక్కున్న పని చేయకుండా ఆపడానికి పరువు తీస్తానని భయపెడితే, అది న్యాయ సంహిత సెక్షన్ 351 కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. మీ డబ్బు మీరు అడగడం మీ హక్కే.

విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపాలంటే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఏజెంటు పేరు కొట్టి చూడండి, అయిదు నిమిషాల పని. రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీసు ఛార్జీ కింద 30 వేలు, దానిపై జీఎస్టీ, మొత్తం 35,400 మించి తీసుకోకూడదు. లైసెన్సు లేకపోయినా, ఎక్కువ గుంజినా సెక్షన్ 24 కింద రెండేళ్ల దాకా శిక్ష. ‘ఈ కేసుకు కేంద్రం అనుమతి కావాలి’ అని స్టేషన్లో తిప్పి పంపాలని చూస్తారు. వెళ్లబోయే వ్యక్తే స్వయంగా ఫిర్యాదు ఇస్తే ఆ అనుమతి అక్కర్లేదు, సెక్షన్ 27లోనే ఉంది. కాబట్టి ఫిర్యాదు మీ పేరు మీదే ఇవ్వండి. మీరు గే అన్న సంగతి డబ్బు కేసుకు అవసరం లేదు, అందులో రాయకండి. పాస్‌పోర్టు కేంద్ర ప్రభుత్వ ఆస్తి. దాన్ని పట్టి ఉంచుకునే అధికారం ఏ ఏజెంటుకూ లేదు.

రశీదు లేకుండా లక్షా 20 వేలు నగదు చేతిలో పెట్టారు. చదువుకున్నవాళ్లు, ఇదేం పని? ‘దసరా ముందు’ అంటే కోర్టు ఒప్పుకోదు, తేదీ కావాలి. నగల లోను మంజూరైన రోజు, మొత్తం బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి. ముందు అది తెచ్చుకోండి. ఏజెంటు డబ్బు ముట్టిందని, ఊళ్లో చెప్తానని పంపిన మెసేజీలు, వాయిస్‌లు ఫోనులోనే ఉంచండి. భయంతో ఫోనంతా చెరిపేద్దామని మీకు అనిపిస్తుంది. చెరిపితే అతనికి మేలు చేసినట్టే. ఉత్త స్క్రీన్‌షాట్లు కోర్టులో నిలవవు. అసలు ఫోను చూపాలి, కాపీలు ఇస్తే వాటికి భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. ఆ ఫోను బీరువాలో పెట్టి వేరేది వాడుకోండి.

డబ్బు రాబట్టే సివిల్ దావాకు మూడేళ్ల గడువు, వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లే. రెండోది ఖర్చు తక్కువ, అదే ముందు వేయండి. వకీలు ఫీజు కష్టమైతే నెల్లూరులోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

వెళ్లాలా వద్దా అన్నారు. నన్నడిగితే కువైట్ వద్దు. బయటి దేశమే కావాలంటే సింగపూర్ చూడండి, మగవాళ్ల మధ్య సంబంధాన్ని నేరమన్న అక్కడి 377ఎ సెక్షన్ 2023 జనవరి 3తో పోయింది. ఇక్కడే అనుకుంటే శ్రీసిటీలో మీ పనికి గిరాకీ ఉంది, జీతం కువైట్ అంత రాదు. సుప్రీంకోర్టు 2023 అక్టోబర్ 17 తీర్పుతో మీ బంధానికి పెళ్లి హోదా లేదని తేలింది గానీ, బ్యాంకు ఖాతాలో మీ స్నేహితుణ్ని నామినీగా పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు.

ఈ వారంలోనే ఏజెంటుకు డబ్బు, పాస్‌పోర్టు రెండూ అడుగుతూ చేరినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. జవాబు వచ్చే చిరునామాగా మీ ఇల్లు కాకుండా అక్క ఇల్లు ఇవ్వండి. పోస్టు రశీదు కూడా ఆమె దగ్గరే ఉంచండి.