టెక్ సందేహాలు: అర్ధరాత్రి తనంతట తానే తిరిగే మోటారు

సందేహం: సంపు నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటారును ఫోనుతో నడిపించాలని ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు, దాని సంకేతంతో మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు లాంటి రిలే కొని, వీడియో చూస్తూ నేనే అమర్చుకున్నాను. రెండు నెలలు బాగా పనిచేసింది. ఇప్పుడు ఒక్కోసారి అర్ధరాత్రి తనంతట తానే ఆన్ అవుతోంది. ట్యాంకు పొర్లి నీళ్లు పక్కింటి వాకిట్లోకి పోతున్నాయి. రిలే మార్చినా ఫలితం లేదు. (కాజీపేట పాఠకుడు)

జవాబు: ఎండలు మొదలైనప్పటి నుంచి ఇదే ఫిర్యాదు నర్సంపేట నుంచి, జనగామ నుంచి, హుజూరాబాద్ నుంచి వస్తూనే ఉంది. అందరూ ముందుగా మారుస్తున్నది రిలేనే. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు ఆన్ అవుతోందా, కరెంటు ఉండగానే అవుతోందా అన్న ముఖ్యమైన సంగతిని మాత్రం మీతో సహా ఎవరూ రాయడం లేదు.

ముందుగా మోటారు వైర్లు విప్పి, రౌటర్‌ను ఆపి, బోర్డుకు మాత్రమే కరెంటు ఇచ్చి చూడండి. అప్పుడే రిలే టిక్కుమంటే లోపం మీరు ఎంచుకున్న పిన్నులో ఉంది. బజారులో దొరికే నీలి రిలే మాడ్యూళ్లలో చాలా భాగం సంకేతం సున్నాకు పడినప్పుడు ఆన్ అవుతాయి. బోర్డు మేల్కొనే క్షణంలో కొన్ని పిన్నులు మన ప్రోగ్రాముతో సంబంధం లేకుండా పైకీ కిందికీ ఊగుతాయి. డీ1, డీ2 పిన్నులు ఆ సమయంలో నిలకడగా ఉంటాయి కనుక రిలేను వాటికే కలపండి. పిన్నును అవుట్‌పుట్‌గా ప్రకటించడానికి ముందే దానికి హై విలువ రాయండి. అలా కాక, రౌటర్ ఆన్ చేసిన తర్వాత టిక్కుమంటే, మీ యాప్ పంపిన పాత ‘ఆన్’ సందేశం రిటెయిన్ (దాచి ఉంచు) గుర్తుతో సర్వరులో నిలిచిపోయి, బోర్డు కలిసిన ప్రతిసారీ మళ్లీ చేరుతోందన్న మాట. ఆదేశాలకు రిటెయిన్ పెట్టకూడదు.

కరెంటు ఉండగానే, ఎవరూ ఫోను ముట్టకుండానే మోటారు తిరుగుతుంటే విషయం వేరు. నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. మీరు జతచేసిన ప్రోగ్రాములో సర్వరు పేరు దగ్గర ఉన్నది, పరీక్షల కోసం అందరికీ ఉచితంగా తెరిచి ఉంచిన ఒక ఎంక్యూటీటీ బ్రోకర్. ఎంక్యూటీటీ అంటే పరికరాలు చిన్న చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి, బ్రోకర్ అంటే వాటిని చేరవేసే సర్వరు. దానికి యూజర్‌నేమ్ లేదు, పాస్‌వర్డ్ లేదు. టాపిక్ (సందేశం ఎవరికి చేరాలో చెప్పే చిరునామా) పేరు ‘హోమ్/మోటార్’. వీడియోలో ఏది ఉందో అదే మీరూ ఉంచారు. ఆ వీడియో చూసిన మరొకరు, ఏ ఊళ్లోనో, అదే పేరుతో తన మోటారును ఆన్ చేసుకున్న ప్రతిసారీ మీ మోటారు కూడా తిరుగుతుంది. మీరు ఆన్ చేసినప్పుడు ఆయన ట్యాంకు పొర్లుతూ ఉండవచ్చు. ఆయన కూడా రిలేనే మారుస్తూ ఉంటారు.

ఇది ఊహ కాదని తెలుసుకోవడానికి మొన్న నేను అలాంటి బ్రోకర్‌కు కలిసి, అన్ని టాపిక్‌లనూ చూపించే # గుర్తు పెట్టి కాసేపు కూర్చున్నాను. ఎవరి పడకగది ఉష్ణోగ్రతో, ఎవరి గేటు తెరుచుకున్న సంగతో, తెర మీద వరుసగా జారిపోయాయి. వాటిని చదవగలిగిన చేయి వాటికి ఆదేశం కూడా పంపగలదు. గేటు ఎప్పుడు తెరుచుకుంటుందో, మోటారు ఎన్ని రోజులుగా ఆడలేదో గమనిస్తే ఇంట్లో మనుషులు లేరని చెప్పడానికి ఇంకేం కావాలి?

ఎంక్యూటీటీని 1999లో చమురు గొట్టపు మార్గాలను ఉపగ్రహం ద్వారా గమనించడానికి రూపొందించారు. తాళం వేసుకునే పని వాడేవారికే వదిలిన పద్ధతి అది. 2020 చివర్లో వచ్చిన మస్కిటో 2.0 బ్రోకర్ ఆ అలవాటు మార్చి, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పాస్‌వర్డ్ లేని పరికరాలను బయటి నుంచి రానివ్వడం మానేసింది. మన వీడియో గురువులు ఏం చేశారు? ‘పని చేయడం లేదు’ అన్న కామెంట్లు తప్పించుకోవడానికి పాస్‌వర్డ్ లేనివారినీ రానివ్వమనే ‘అలౌ అనానిమస్ ట్రూ’ అన్న వరుసను సెట్టింగుల్లో మొదటే రాయిస్తున్నారు. తలుపుకు కొత్తగా గొళ్లెం పెడితే దాన్ని పీకేయడమే మొదటి పాఠంగా చెప్పినట్టుంది. సహాయం కోసం గ్రూపుల్లో పెట్టే ప్రోగ్రాముల్లో ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే వదిలేసేవారికీ నా కోపంలో సగం వాటా ఉంది. మీరు నాకు పంపిన దాంట్లోనూ ఉంది. ఈ రోజే మార్చుకోండి.

రెడీమేడ్ స్మార్ట్ ప్లగ్గు కొంటే పీడ పోతుందని కొందరి నమ్మకం. తయారీదారు సర్వరు మూసేసిన రోజు అది గోడకు వేలాడే అలంకారమే. పైగా ఇంట్లో ట్యాంకు నింపడానికి మీ ఆదేశం వేరే దేశం దాకా వెళ్లి రావలసిన అవసరం నాకు కనిపించదు. మూలన పడిన పాత ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్‌తో సొంత బ్రోకర్ పెట్టుకోండి. రౌటర్‌లో బయటి నుంచి లోపలికి దారి ఇచ్చే పోర్టులు తెరవకండి. ఊరికి వెళ్లినప్పుడు కూడా కావాలంటే వీపీఎన్ (బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) ద్వారా రండి. అన్నిటికన్నా ముందు, ఎవరు ఆన్ చేసినా ఇరవై నిమిషాలకు మోటారును ఆపేసే ప్రోగ్రాము వరుసలు బోర్డులోనే ఉండాలి. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్చు కూడా వేయిస్తే నెట్టు ఉన్నా లేకున్నా నీళ్లు పొర్లవు.

ఇక మీరు తీసి పంపిన పాత రిలే ఫొటోలో కాంటాక్టులు నల్లబడి గుంటలు పడి ఉన్నాయి. దాని మీద రాసిన 10 ఆంపియర్లు బల్బు, హీటరు వంటి లోడుకు చెప్పిన లెక్క. మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకు అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఒకనాడు ఆ కాంటాక్టులు అతుక్కుపోతే ఫోనులో ఎన్ని సార్లు ఆఫ్ నొక్కినా మోటారు ఆగదు. రిలేతో కాంటాక్టరును (మోటారు లోడును తట్టుకునే పెద్ద స్విచ్చు), కాంటాక్టరుతో మోటారును నడపండి. సబ్బు పెట్టెలో పెట్టిన 230 వోల్టుల తీగలను ఎలక్ట్రీషియన్‌తో సరైన పెట్టెలోకి మార్పించి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి.

సందేహం: కొత్త రౌటర్ పెట్టినప్పటి నుంచి నేను చేసుకున్న బోర్డులేవీ వైఫైకి కలవడం లేదు. (కరీంనగర్ పాఠకురాలు)

జవాబు: మీ బోర్డులు ఈఎస్‌పీ8266వి అయితే, వాటికి వైఫై బ్యాండుల్లో 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. రౌటర్‌లో ఆ బ్యాండుకు వేరే పేరుతో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉంచే వైఫై) తెరిచి, భద్రతను డబ్ల్యూపీఏ2గా ఉంచి, బోర్డులన్నిటినీ అందులోకి మార్చండి. ఏదో ఒక బోర్డు పరాయి చేతిలో పడినా మీ ల్యాప్‌టాప్ దాకా దారి దొరకదు. అయితే గెస్ట్ నెట్‌వర్క్‌లోని పరికరాలు అసలు నెట్‌వర్క్‌లోని ఫోనుకు కూడా కనిపించవు కనుక, బోర్డును నడపాలనుకున్నప్పుడు ఫోనును కాసేపు అందులోకి మార్చుకోవలసి ఉంటుంది. అప్పటికీ కనిపించకపోతే గెస్ట్ పరికరాలను ఒకదానికొకటి కనిపించకుండా చేసే ఐసొలేషన్ సెట్టింగు ఆన్‌లో ఉందేమో చూడండి.