చిట్టానా, ఆవర్జానా?

సందేహం: మిర్యాలగూడలోని ఒక బియ్యం మిల్లులో నాలుగేళ్లు లెక్కలు రాశాను. అమ్మకు పక్షవాతం రావడంతో మానేసి రెండేళ్లు ఇంటి దగ్గరే ఉన్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. సీవీని ముందు తెలుగులో రాసుకుని, తరువాత ఇంగ్లీషులో పెట్టుకుందామని మొదలుపెట్టాను. క్రోనలాజికల్, ఫంక్షనల్, కాంబినేషన్ అని మూడు పద్ధతులున్నాయట. వీటిని ‘కాలక్రమ, క్రియాత్మక, కలయిక’ పద్ధతులు అనవచ్చా? నాకు ఏది తగినది? మధ్యలోని రెండేళ్లను ‘ఖాళీ’ అనాలా, ‘విరామం’ అనాలా? ‘చేసాను’, ‘చేశాను’ – ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

సమాధానం: అమ్మా, మీరు మిల్లులో లెక్కలు రాసినవారు కాబట్టి మీ ప్రశ్నకు జవాబు మీ వృత్తిలోనే ఉంది. పాత లెక్కల పద్ధతిలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు. ఏ రోజు ఏం జరిగిందో తేదీల వరసలో రాసేది చిట్టా. అవే పద్దులను ఖాతాలవారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. మొదటి రకం సీవీ చిట్టా వంటిది, రెండోది ఆవర్జా వంటిది. మూడోది రెండింటినీ ఒకే కాగితం మీదికి తెస్తుంది.

ఇక పేర్లు. ‘కాలక్రమం’ అనగానే తెలుగువారి మనసు పాతదాని నుంచి కొత్తదానికి నడుస్తుంది. రాజవంశాల పట్టికను అలాగే చదువుతాం. సీవీలో వరస అందుకు ఎదురు. చివరి ఉద్యోగం పైన, మొదటిది అడుగున. కనుక ‘విలోమ కాలక్రమం’ అనాలి. లోమం అంటే వెంట్రుక. వెంట్రుకలు వాలిన దిక్కుకు నిమిరితే అనులోమం, ఎదురు నిమిరితే విలోమం. కొందరు ‘తిరోగమన క్రమం’ అని రాస్తున్నారు. అది పొరపాటు. తిరోగమనం అంటే దిగజారడం అనే అర్థం స్థిరపడింది. బరువైన మాట వద్దనుకుంటే ‘కొత్తది ముందు’ అనండి, చాలు.

‘క్రియాత్మక’ ఇక్కడ నప్పదు. ఆ మాటకు ఆచరణలో ఉన్నదని అర్థం. ఫంక్షనల్ సీవీలో ప్రధానమైనది మీరు ఏ పని చేయగలరన్నది. అందుకే ‘నైపుణ్య ప్రధానం’ అంటే సరిపోతుంది. ‘కలయిక’ అంటే మనుషులు కలుసుకోవడమే ముందు తోస్తుంది కాబట్టి ‘మిశ్రమ పద్ధతి’ మేలు. సీవీ అన్న మాటను మాత్రం మార్చనక్కరలేదు, అది తెలుగులో కుదురుకుంది. బయోడేటా మన ఇళ్లలో పెళ్లిసంబంధాల మాట అయిపోయింది. ఉద్యోగానికి దాన్ని వాడకండి.

ఎడతెగకుండా ఒకే రంగంలో పనిచేసినవారికి ‘కొత్తది ముందు’ పద్ధతి చాలు. రెండేళ్లు కనబడకుండా ఉంటాయని మీకు నైపుణ్య ప్రధానం మీద మనసు పోవచ్చు. పోనివ్వకండి. తేదీలు లేని సీవీని చూస్తే ఏదో దాచారన్న అనుమానం వస్తుంది. ఆవర్జా ఒక్కటే చూపిస్తే తనిఖీకి వచ్చినవారు చిట్టా ఏదని అడగరా? మీకు మిశ్రమ పద్ధతే తగినది. పైన మూడు నాలుగు నైపుణ్యాలు రాయండి: టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రోజువారీ పద్దులు, కాటా చీటీలతో ధాన్యం లెక్క సరిచూడటం, జీఎస్టీ బిల్లులు. మీరు నిజంగా చేసినవే సుమా. కింద మిల్లు ఉద్యోగం, సంవత్సరాలతో సహా. ‘లెక్కలు రాయబడ్డాయి’ అనకండి, ఎవరు రాశారో తెలియదు. ‘రాశాను’ అన్న క్రియలోనే ‘నేను’ ఉంది కనుక ప్రతి వాక్యం ముందూ ‘నేను’ అక్కరలేదు.

ఆ రెండేళ్ల గురించి మీరు వాడబోయిన రెండు మాటలూ నాకు బాధ కలిగించాయి. పక్షవాతం వచ్చిన తల్లిని లేపి కూర్చోబెట్టి, తినిపించి, వేళకు మందులిచ్చిన మనిషి ఖాళీగా ఉన్నట్టా? విరామం అంటే అలసట తీర్చుకోవడం. అదీ మీకు దొరికి ఉండదు. నిఘంటువులో పేరు వెతకడం మాని, జరిగింది రాయండి: ‘తల్లి అనారోగ్యం వల్ల ఉద్యోగం మాని, రెండేళ్లు ఆమె సంరక్షణ చూశాను’. ఒక్క వాక్యం, సంవత్సరాలతో. వివరణ వద్దు, క్షమాపణ అసలే వద్దు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు కూడా ఈ వాక్యాన్ని పోనివ్వకండి.

చివరి ప్రశ్నకు: ‘చేశాను’ ఒప్పు. ‘చేసినాను’ అన్న రూపంలో సకారం మీద ఇకారం ఉంది. అది తాలవ్య స్వరం, అంటే నాలుకను అంగిలి వైపు లేపి పలికేది. శకారమూ అలా పలికేదే. మాట కుదించుకుపోయి ఇకారం జారిపోతూ సకారాన్ని శకారంగా మార్చింది. చూశాను, రాశాను, వేశాను అన్నీ ఈ దారిలో వచ్చినవే. ‘చేసిన’, ‘చేసే’, ‘చేస్తున్నాను’ రూపాల్లో ఈ మార్పు జరగలేదు కాబట్టి అక్కడ సకారమే ఉంటుంది.