కరపత్రానికి ఒక రూలు, ఫోన్‌కి ఇంకో రూలా?

ప్రశ్న: తిరుపతిలో మా నాయన పెట్టిన ప్రింటింగ్ ప్రెస్ నడుపుతున్నాను. ఎలక్షన్లప్పుడు కరపత్రం మీద మా ప్రెస్ పేరు, అడ్రసు, వేయించినవాళ్ల పేరు లేకపోతే కేసే. 2024 ఎన్నికలప్పుడు మా అమ్మ ఫేస్‌బుక్‌లో ఒక వీడియో చూసి వార్తే అనుకుని ఇంట్లో అందరితో వాదన పెట్టుకుంది, తీరా చూస్తే డబ్బిచ్చి వేయించిన ప్రకటన అది. సోషల్ మీడియాలో రాజకీయ ప్రకటనలే వద్దంటే పీడా పోతుంది కదా అంటాడు మా అబ్బాయి. మీరేమంటారు?
- ఒక ప్రెస్ ఓనరు, తిరుపతి

జవాబు: మీ అబ్బాయి కోపం అర్థమైంది గానీ, ఆ మందు పని చేయదండీ. ట్విట్టర్ 2019 నవంబర్‌లో రాజకీయ ప్రకటనలు ప్రపంచమంతా ఆపేసింది, 2023లో అమెరికాలో మళ్లీ తలుపు తీసింది. ఆ మధ్యలో ట్విట్టర్‌లో రాజకీయ ప్రచారమేమైనా తగ్గిందా? ప్రకటన ఆగుతుంది, ఫార్వర్డ్ ఆగదు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియోకి డబ్బెవరు పెట్టారో అడిగే దిక్కే ఉండదు. పైగా లక్షల మంది ఫాలోవర్లున్న పెద్ద నాయకులకి ప్రకటనతో పనేముంది, నష్టమంతా చిత్తూరులో మొదటిసారి ఇండిపెండెంట్‌గా నిలబడి నాలుగు వేలు ఖర్చు పెట్టి తన మొహం చూపించుకుందామనుకునేవాడికే.

నన్నడిగితే మీ ప్రెస్‌కున్న రూలే ఫోన్‌కీ పెట్టాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఏ మీకు నాకన్నా బాగా తెలుసు, వేయించినవాడు సంతకం పెట్టిన డిక్లరేషన్, దానికి ఇద్దరు సాక్షులు, తప్పితే ఆరు నెలల జైలో, రెండు వేల జరిమానానో, రెండూనో. ఫేస్‌బుక్‌లోనూ 2019 నుంచి మన దేశంలో రాజకీయ ప్రకటన మీద డబ్బెవరిచ్చారో పేరు ఉంటుంది, పాత ప్రకటనలు వెతికి చూసే లైబ్రరీ కూడా ఉంది. కానీ ఆ పేరు ఎవరూ ఎప్పుడూ వినని ఏదో పేజీది అయితే ఏం లాభం? సోషల్ మీడియా ప్రకటనకీ ముందస్తు అనుమతి కావాలని, ఆ ఖర్చు అభ్యర్థి లెక్కలో చూపాలని ఎన్నికల సంఘం 2013లోనే చెప్పింది. అసెంబ్లీ అభ్యర్థికి ఇక్కడ 40 లక్షల పరిమితి ఉంది, పార్టీకి మాత్రం అసలు పరిమితే లేదు, ఇక 'అభిమానులు' నడిపే పేజీ సంగతి చెప్పనక్కర్లేదు. లెక్క జారిపోయేది అక్కడే.

నాకు ఇంకా పెద్ద బెంగ ఒకటుంది. మీరు అచ్చేసిన కరపత్రం కొర్లగుంటలో పంచినా బాలాజీ కాలనీలో పంచినా ఒకటే, నచ్చనివాడు టీ కొట్టు దగ్గర దాన్ని పట్టుకుని నిలదీస్తాడు. ఫోన్‌లో అలా కాదు, మీ అమ్మగారికి ఒకటి, మీ అబ్బాయికి దానికి పూర్తిగా ఉల్టా ఇంకొకటి చూపించొచ్చు, ఒకరికొచ్చింది ఇంకొకరికి తెలియదు. గూగుల్ 2020లో ఎన్నికల ప్రకటనలకి వయసు, ఆడామగా, పిన్‌కోడ్ దాకానే ఎంచుకోవచ్చని కట్టడి పెట్టింది. అన్ని కంపెనీలకీ అదే చట్టంగా పెట్టాలంటాను. యూరప్‌లో అలా గట్టిగా చట్టం తెస్తే, 2025 అక్టోబర్ నాటికి ఫేస్‌బుక్ కంపెనీ మెటా, గూగుల్ అక్కడ రాజకీయ ప్రకటనలే మానేశాయి. లెక్క చూపించమంటే కొట్టు మూసుకున్నారన్నమాట!

ఈలోగా మీ ఇంట్లో ఒక పని చేయండి. ప్రకటన పక్కనుండే మూడు చుక్కలు నొక్కి, ఇది నాకెందుకు కనిపిస్తోందో చూడడం అమ్మగారికి నేర్పండి, డబ్బిచ్చినవాళ్ల పేరు కూడా ఆవిడ చేతే చదివించండి. అబ్బాయి ఫోన్ కూడా పక్కనే పెట్టుకుని.