కొరాపుట్ చలికి గోబర్ గ్యాస్ మంట ఎందుకు తగ్గుతుంది?

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ కొండల్లో డిసెంబరు రాగానే వచ్చే ప్రశ్న ఇది. గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. 15 కంటే దిగితే పని దాదాపు ఆపేస్తాయి. 2 క్యూబిక్ మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పచ్చి పేడ, అన్నే లీటర్ల నీళ్లు కావాలి. చలికాలంలో ఆ నీళ్లు ఎండలో పెట్టి, మధ్యాహ్నం కలిపి పోయండి. డోము (గ్యాస్ నిలిచే గుండ్రటి కప్పు) మీద ఎండుగడ్డి మందంగా కప్పండి.

గ్యాస్ తగ్గిందని పేడ ఎక్కువ వేయడమే అసలు ముప్పు. అరగని పేడ లోపల పులిసిపోతుంది, ఉన్న మంటా ఆరిపోతుంది. అలా జరిగితే కొన్నాళ్లు పేడ వేయడం ఆపండి. మంట ఎగిరెగిరి పడుతుంటే మాత్రం పైపులో నీరు చేరినట్టే, తీసేస్తే చాలు.

ప్లాంటు నుంచి బయటికొచ్చే స్లర్రీని (గ్యాస్ తీసేశాక మిగిలే పలుచటి పేడ) వృథా చేయకండి, పొలానికి ఎరువుగా వేయండి. నన్నడిగితే గ్యాస్ కన్నా అదే పెద్ద లాభం, యూరియా ఖర్చు తగ్గుతుంది.