కుట్లు తీసేదాకా పిల్లిని చూసుకునే విధానం, మా మేనకోడలికి

అమ్మణ్ణీ,

సింగారికి గర్భసంచికి చీము పట్టి ఆపరేషన్ చేసి తీసేశారని, రేపు సాయంత్రం ఇంటికి తీసకపొమ్మన్నారని చెప్పావు గదా, ఫోన్లో నువ్వు ఏడుస్తా అడిగితే నాకు తోచింది నాలుగు ముక్కలే, అందుకే నిమ్మళంగా కూర్చుని ఇదంతా రాస్తన్నా. మన మూలాపేట ఇంట్లో గోడ దూకి వచ్చిన పిల్లులన్నిట్నీ సాకినదాన్ని, ఆపరేషన్లయిన వాటిని కూడా చూసుకున్నదాన్ని, కాబట్టి ధైర్యంగా చదువు. కష్టమైన పని డాక్టరుగారు చేసేశారు. ఇంక ఇంట్లో నువ్వు చూడాల్సింది రెండే, అది తింటా ఉందా లేదా, ఒంటేలుకి పోతా ఉందా లేదా. మిగతావన్నీ ఈ రెండిటి తర్వాతే.

ముందు ఇంటికి తెచ్చే ముందర గది సిద్ధం చేసుకో. మీ ఒంగోలు ఇంట్లో వెనకవైపు చిన్న గది ఉంది గదా, మంచం లేకుండా, బీరువా మీదకి ఎక్కే దారి లేకుండా ఖాళీ చెయ్. కిటికీ మూసెయ్. కింద నేల మీదే పాత దుప్పటి మడత పెట్టి పరువు, ఎత్తులో ఏదీ పెట్టబాకు, మత్తు దిగేదాకా అది తూలతా ఉంటాది, అయినా ఎక్కాలనే చూస్తాది. ఇప్పుడు వానలు కదా, నేల చల్లగా ఉంటాది, మత్తిచ్చిన పిల్లికి ఒళ్ళు చల్లబడిపోతాది, కాబట్టి కింద అట్టముక్క వేసి దాని మీద దుప్పటి వెయ్యి. వేడినీళ్ళ బాటిల్ పెడతావా, టవల్లో బాగా చుట్టి పక్కన పెట్టు, ఒంటికి ఆనిచ్చి పెట్టబాకు, మత్తులో ఉన్నది కాలినా పక్కకి జరగలేదు.

ఆటోలో తెచ్చేటప్పుడు ఒళ్ళో పెట్టుకుని రాబాకు, మూత ఉండే బుట్టలోనో కారియర్లోనో పెట్టుకుని రా, హారన్ మోతకి ఎంత సాధు పిల్లయినా ఒళ్ళోంచి దూకేస్తాది.

మొదటి రాత్రి చూసి భయపడతావు, అందుకే ముందే చెప్తన్నా. కళ్ళు పెద్దవిగా తెరుచుకుని ఎటో చూస్తా ఉంటాది, తల ఊగిస్తాది, నడిస్తే వెనక కాళ్ళు పక్కకి పోతాయి, పిలిస్తే పలకదు. కొన్ని మత్తుమందులకి అట్టానే ఉంటాది, పన్నెండు గంటల నించి ఒక రోజు లోపల దిగిపోతాది. దాన్ని పదే పదే ఎత్తుకోబాకు, పిలకాయల్ని గదిలోకి రానీబాకు, లైటు తగ్గించి నువ్వు ఒక మూల కూర్చో చాలు. ఆ మత్తులో నోట్లో బలవంతంగా నీళ్ళు గాని పాలు గాని పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అది చాలా ప్రమాదం. బాగా తెలివొచ్చి తల నిలబెట్టాక కాసిని నీళ్ళు ముందర పెట్టు, అవి కక్కకుండా ఉంటే రోజూ తినేదాంట్లో పావు వంతో సగమో పెట్టు.

ఇప్పుడు తిండి సంగతి, ఇది జాగర్తగా చదువు. కుక్క రెండు రోజులు తినకపోయినా తట్టుకుంటాది, పిల్లి అట్టా కాదు. పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వంతా లివర్‌కి చేరి లివర్ పాడైపోతాది, లావుగా ఉండే పిల్లికి ఇంకా తొందరగా. సింగారి లావే గదా. కాబట్టి ఇంటికొచ్చాక ఇరవై నాలుగు గంటలు ఏమీ ముట్టకపోతే, రేపు చూద్దాం లే అనుకోకుండా డాక్టరుకి ఫోన్ చెయ్. పిల్లి వాసన చూసి తింటాది, చల్లటి తిండి ముట్టదు, కాబట్టి ఏది పెట్టినా గోరువెచ్చగా పెట్టు. ఉప్పు కూడా వెయ్యకుండా ఉడకబెట్టిన కోడిమాంసం, ముళ్ళు తీసిన ఉడికిన చేప, ఆ ఉడికిన నీళ్ళు కాసిని పైన పోసి పెట్టు, లేదా ప్యాకెట్లో వచ్చే మెత్తటి తిండి. మీ ఇంట్లో చేపల పులుసు చేసిన రోజు దాంట్లో ముక్క కడిగి పెడదామని మాత్రం అనుకోబాకు, ఉల్లిపాయ వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడుచేస్తాయి, కడిగినంత మాత్రాన పోవు. పాలు వద్దు, పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరోచనాలు పట్టుకుంటే కుట్ల దగ్గర శుభ్రం నీ వల్ల కాదు. పెరుగన్నం ఇష్టమని అదే పెడతా కూర్చోబాకు, గాయం మానాలంటే మాంసమో చేపో పడాల.

కుట్లు నాక్కోకుండా మెడకి గరాటాలాగా తగిలించే కోన్ పెట్టుకుంటే గిన్నెలో తల దూరదు, అందుకని అది తిననంటా ఉన్నట్టు కనపడతాది. సాసర్లో పెట్టి, కింద ఇటికెరాయో డబ్బానో పెట్టి కొంచెం ఎత్తు చెయ్. అప్పటికీ తినకపోతే నువ్వు పక్కన కూర్చుని కోన్ తీసి తినిపించి, మూతి తుడుచుకునే లోపలే మళ్ళీ తగిలించు. కోన్ గురించి నేను గట్టిగా చెప్తన్నా, అది గోడలకి కొట్టుకుంటా, వెనక్కి నడస్తా, నీ వంక చూస్తా ఉంటే నీ మనసు కరుగుతాది, కాసేపు తీసేద్దామనిపిస్తాది, తియ్యబాకు. పిల్లి నాలుక ఆకురాయి లాంటిది, నువ్వు నిద్రపోయిన గంటలో కుట్లన్నీ ఊడదీస్తాది. ఒకటి రెండు రోజుల్లో అలవాటు పడతాది. అసలు కుదరకపోతే డాక్టరునడిగి పసిపిల్లల బనీనుకి కాళ్ళ దగ్గర బెజ్జాలు చేసి తొడుగు, పొట్ట కుట్లు కాబట్టి అది సరిపోవచ్చు, తడవకుండా రోజూ మార్చాల.

ఒంటేలు. ఇరవై నాలుగు గంటల్లో ఒకసారన్నా పోయాలి. ట్రేలో కూర్చుని ముక్కతా ఉండి చుక్క రాకపోతే రాత్రయినా పగలయినా తీసకపో. దొడ్డికి మాత్రం రెండు మూడు రోజులు పోకపోయినా కంగారు పడబాకు, ఆపరేషన్‌కి ముందు కడుపు మాడ్చి ఉంటారు గదా. ట్రేలో ఈ పది పన్నెండు రోజులూ ఇసక వద్దు, దుమ్ము కుట్లకి అంటుకుంటాది, పాత న్యూస్‌పేపర్లు చించి వెయ్యి, తడిసినప్పుడల్లా మార్చెయ్.

మందుల దగ్గరికొస్తే, ఇది నేను కళ్ళెర్రజేసి చెప్పే మాట. నొప్పిగా ఉందేమో పాపం అని మన ఇంట్లో ఉండే డోలో గాని, క్రోసిన్ గాని, ఏ పారాసెటమాల్ అయినా సరే, చిన్న ముక్క కూడా వెయ్యబాకు. ఆ మందుని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి లివర్‌కి లేదు, రక్తం ఆక్సిజన్ మొయ్యలేక చిగుళ్ళు గోధుమరంగుకి తిరిగి, మొహం ఉబ్బి చచ్చిపోతాది. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఏదీ వద్దు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మందు కూడా ఆయన చెప్పినన్ని చుక్కలే, చెప్పినన్ని రోజులే. అది తినకుండా, నీళ్ళు తాగకుండా, లేదా కక్కతా ఉంటే ఆ నొప్పి మందు వేసే ముందర ఫోన్ చేసి అడుగు, ఒంట్లో నీళ్ళు లేనప్పుడు ఆ మందు కిడ్నీల్ని దెబ్బ తీస్తాది.

డెట్టాల్ కూడా అంతే. నీళ్ళలో పోస్తే తెల్లగా అయ్యే మందులు, ఫినాయిల్, ఇవి పిల్లికి విషం, నేల తుడిచిన తడి మీద నడిచి కాళ్ళు నాక్కున్నా చాలు. ఆ గది ఉత్త నీళ్ళతోనో, సబ్బు నీళ్ళతో కడిగి మళ్ళీ మంచినీళ్ళతోనో తుడువు. మీ అత్తగారు మంచి మనసుతోనే కుట్ల మీద పసుపు అద్దుదాం, కొబ్బరినూనె రాద్దాం అంటారు, ఆమెని నొప్పించకుండా చెప్పు, పసుపు రంగులో ఎర్రబడిందో చీము పట్టిందో కనపడదత్తయ్యా, డాక్టరుగారు ఏమీ రాయొద్దన్నారని చెప్పు, ఆమె పెద్ద మనిషి, అర్థం చేసుకుంటారు. కుక్కలకి వాడే గోమార్ల పౌడర్లు, స్ప్రేలు కూడా దగ్గరికి రానీబాకు, వాటిల్లో ఉండే కొన్ని మందులకి పిల్లులు ఫిట్స్ వచ్చి చచ్చిపోతాయి.

టాబ్లెట్ వెయ్యడం చెప్తా చూడు. దాన్ని టవల్లో చుట్టి తల మాత్రం బయట ఉంచు, పై నించి తల పట్టుకుని నోటి మూలల్లో నొక్కితే తెరుస్తాది, నాలుక వెనక భాగాన వేసి మూసి గొంతు కింద నిమురు. ఆ వెంటనే సూది లేని సిరంజితో ఓ మూడు నాలుగు ఎం.ఎల్. నీళ్ళు చెంప పక్క నించి మెల్లగా పొయ్యి, ఉత్త టాబ్లెట్ గొంతులో ఇరుక్కుని పుండు చేస్తాది. చేదు తగిలి నురగలు కక్కితే అది విషం కాదు, కాసేపట్లో పోతాది. బాగైంది గదా అని యాంటీబయాటిక్ మధ్యలో ఆపబాకు. నొప్పి మీద ఉన్న పిల్లి నిన్నైనా కరుస్తాది, కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిముషాలు పారే నీళ్ళ కింద కడుక్కుని ఆస్పత్రికి పో, ఇంట్లో పిల్లే గదా అని ఊరుకోబాకు.

నొప్పి గురించి ఒక మాట. పిల్లి నొప్పిని దాచుకునే జీవి, అరవదు. మా ఎర్రదానికి కాలు విరిగి రాడ్ వేసినప్పుడు నా ఒళ్ళోనే గుర్రు గుర్రుమంటా పడుకునేది, ఇంటికొచ్చిన వాళ్ళంతా బాగుంది లేమ్మా అన్నారు, కానీ గిన్నె ముట్టేది కాదు, నాకు అనుమానం వచ్చి చెప్తే డాక్టరు నొప్పి మందు మార్చారు, ఆ పూటే గిన్నె నాకేసింది. నొప్పిలో కూడా పిల్లి గుర్రుమంటాది. వీపు గూనిలాగా పెట్టి ముడుచుకుని కూర్చోవడం, కళ్ళు సగం మూసుకోవడం, చెవులు పక్కలకి వాలడం, మంచం కిందో బీరువా వెనకో దాక్కోవడం, చెయ్యి దగ్గరికి పోతే ఉరమడం, ఇవి చూడు.

కుట్లని పొద్దున ఒకసారి, సందకాడ ఒకసారి చూడు, ముట్టుకోబాకు. రోజూ ఒకే వెలుతుర్లో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా అప్పుడే తెలుస్తాది, డాక్టరుకి వాట్సాప్ చెయ్యడానికీ పనికొస్తాది. మొదటి రెండు మూడు రోజులు అంచులు కొంచెం ఎర్రగా, కొంచెం ఉబ్బుగా ఉండటం మామూలే, కుట్ల వెంబడి గట్టిగా గీతలాగా కనపడటమూ మామూలే. మెత్తగా వాచి రోజురోజుకీ పెరగడం, చీము, కంపు, కుట్లు విడిపోవడం, రక్తం చుక్కలు చుక్కలుగా ఆగకుండా కారడం, వీటిల్లో ఏదున్నా ఆ రోజే చూపించు. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడు, లేత గులాబీ రంగులో ఉండాల, తెల్లగా పాలిపోయి, చెవులు కాళ్ళు చల్లబడి, పొట్ట ఉబ్బి నీరసంగా పడుకుంటే లోపల రక్తం కారతా ఉండొచ్చు, అప్పుడు ఫోన్ కోసం కూడా ఆగకుండా తీసకపో. నోరు తెరిచి రొప్పినా అంతే. ముట్టుకుంటే వేడిగా ఉందని జ్వరం అనుకోబాకు, దాని ఒంటి వేడి 100.5 నించి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే.

వానాకాలంలో నాకు అన్నిటికంటే భయం ఈగలు. గాయం మీద ఈగ వాలిందంటే పురుగులు పడతాయి, మన వైపు కుక్కలకీ గొడ్లకీ పడేది నువ్వూ చూసే ఉంటావు. కాబట్టి గదిలో చిన్న దోమతెర కట్టి దాని కిందే పడుకోబెట్టు, తినగా మిగిలిన తిండి అక్కడ ఉంచబాకు, చీమలు కూడా పడతాయి. స్నానం కుట్లు తీసేదాకా వద్దే వద్దు.

మీ ఇంట్లో ఉండే ఇంకో పిల్లి నల్లోడిని ఈ రోజుల్లో దాని దగ్గరికి రానీబాకు. అక్కాతమ్ముళ్ళ లాగా పెరిగినా సరే, ఆస్పత్రి వాసన తగిలితే వాడు దాన్ని గుర్తుపట్టక బుస్సుమని మీద పడతాడు. దాని దుప్పటి వాడి దగ్గర, వాడి దుప్పటి దాని దగ్గర వేస్తా ఉండు, వాసన కలిశాక తలుపు సందులోంచి చూపించు, తర్వాత కలుపు.

రాత్రి పూట ఒంగోల్లో ఎవరు చూస్తారో రేపు డిశ్చార్జ్ అప్పుడే అడిగి నంబరు గోడమీద రాసిపెట్టు. పశువుల అంబులెన్స్ నంబరు 1962, అది కూడా ఫోన్లో వేసుకో, కానీ అర్ధరాత్రి దాని మీదే ఆధారపడి కూర్చోబాకు, ఆటో అతని నంబరు కూడా ఉండాల. మందుల చీటీ, ఏ ఇంజెక్షన్ ఎప్పుడు చేశారో ఆ కాగితం బుట్టలోనే పెట్టుకో.

కుట్లు మామూలుగా పది నించి పద్నాలుగు రోజుల మధ్య తీస్తారు, లోపల కరిగిపోయే కుట్లయితే తియ్యాల్సిన పని లేదు, ఏవి వేశారో అడుగు. వారం దాటేసరికి అది పరుగులు పెట్టాలని చూస్తాది, పైకి మానినట్టు కనపడినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటాది, డాక్టరు సరే అనేదాకా గదిలోనే ఉంచు. గర్భసంచి, అండాశయాలు తీసేశాక పిల్లికి తిండి మీద యావ పెరుగుతాది, ఒంటికి కావాల్సింది తగ్గుతాది, కాబట్టి బాగా కోలుకున్నాక కొలత తగ్గించు, ఎంతనేది బరువు తూచి డాక్టరే చెప్తారు. కుట్లు తీయించడానికి పోయే ముందురోజే ఆ బుట్ట బయటికి తీసి, దాని దుప్పటి లోపల వేసి, మూత తెరిచి గదిలో పెట్టు, దానంతట అదే పోయి కూర్చుంటాది, లేకపోతే పొద్దున్నే దాన్ని పట్టుకోలేక నువ్వు ఏడుస్తావు.

రేపు ఇంటికి రాగానే ఫోన్ చెయ్, చిగుళ్ళ ఫోటో, కుట్ల ఫోటో నాకు కూడా పంపు.

మీ అత్త